ఈఎంఐ చిన్నాయనది, ఇల్లు సార్‌ది

జులైలో ఒక ఆదివారం పొద్దున ఆరింటికి చిన్నాయన ఫోన్ చేశాడు. ఆదివారం ఆరింటికి ఫోన్ మోగితే మంచి వార్త ఉండదని మీకూ తెలుసు.

"బిడ్డా, సార్‌కు గుండెనొప్పి వచ్చిందట. కరీంనగర్ల దవాఖానల షరీక్ చేసిండ్రు. స్టెంట్ ఏస్తరట."

ఏ సార్ అని అడిగాను.

"ఇల్లు సార్" అన్నాడు.

అప్పుడు నిద్ర వదిలింది. చిన్నాయన భయం సార్ గుండె గురించి కొంత, ఇంటి గురించి చాలా. తప్పు పట్టలేను. సిద్దిపేటలో చిన్నాయన వాళ్లు ఎనిమిదేళ్లుగా ఉంటున్న ఇల్లు, పాలు పొంగిచ్చి దిగిన ఇల్లు, ముందర జామచెట్టు పెట్టుకున్న ఇల్లు కాగితాల ప్రకారం ఇంకా సార్‌దే. దాని మీదున్న లోన్ కూడా సార్ పేరు మీదే. ఆ లోన్ ఈఎంఐ మాత్రం నెలనెలా చిన్నాయన కడుతున్నాడు.

ఇట్లాంటి బేరం మీ ఇంట్లో లేకపోయినా మీ గల్లీలో ఒకటైనా ఉంటుంది. అడిగి చూడండి.

2017లో కథ ఇది. 2016 అక్టోబరు 11న, దసరా నాడు, సిద్దిపేట జిల్లా అయింది. కలెక్టరేట్ వస్తోంది, రైలు వస్తోంది అన్న మాటలతోనే ప్లాట్ల రేట్లు లేచాయి. చిన్నాయనకు వెల్డింగ్ షాపు. గేట్లు, గ్రిల్స్, షట్టర్లు చేస్తాడు. చేతిలో పని బాగానే ఉంది గానీ జీతం స్లిప్ లేదు, ఐటీ రిటర్న్ లేదు. బ్యాంకుకు పోతే కుర్చీ వేశారు, చాయ్ ఇచ్చారు, లోన్ మాత్రం ఇవ్వలేదు. ఆ టైంలోనే ఒక గవర్నమెంటు టీచర్‌కు కరీంనగర్ వైపు బదిలీ అయింది. ఆయన 2014లో 27 లక్షలకు ఇల్లు కొన్నాడు. అందులో 20 లక్షలు లోన్, ఇరవై ఏళ్లకు. నెలకు 19,633 రూపాయల ఈఎంఐ.

బేరం 32 లక్షలకు తెగింది. అప్పటికి లోన్‌లో మిగిలింది 18 లక్షల 90 వేలు. తేడా 13 లక్షల 10 వేలు చిన్నాయన చెక్కు రూపంలో ఇచ్చాడు. మిగతా లోన్ "నువ్వే కట్టుకో, అయిపోయినంక రిజిస్ట్రేషన్ చేస్త" అన్నాడు సార్. వంద రూపాయల స్టాంపు పేపర్ మీద అగ్రిమెంటు, ఒక నోటరీ జీపీఏ. ఇద్దరు సాక్షులు. అందరూ మిఠాయి తిన్నారు.

అమెరికాలో ఉన్న మన కజిన్స్ కూడా ఇట్లాంటి బేరం చేస్తారు, వేరే కారణంతో. అక్కడ దీన్ని 'సబ్జెక్ట్ టు' అంటారు. 2021లో అక్కడ ముప్పై ఏళ్ల ఫిక్స్‌డ్ లోన్ మూడు శాతం దగ్గర దొరికింది. తర్వాత రేట్లు రెట్టింపు దాటాయి. కాబట్టి అమ్మేవాడి పాత చవక లోన్‌ను అట్లాగే ఉంచి ఇల్లు కొనాలని ఆశ. ఇల్లు చేతులు మారితే మొత్తం అప్పు వెంటనే కట్టమని అడిగే హక్కు అక్కడి లెండర్లకు 1982 నాటి గార్న్-సెయింట్ జెర్మైన్ చట్టం గట్టిగా ఇచ్చింది. అయినా చేసేవాళ్లు చేస్తారు. మన దగ్గర ఎక్కువ శాతం హోమ్ లోన్లు ఫ్లోటింగే కాబట్టి పాత లోన్‌లో చవక ఏమీ ఉండదు. ఇక్కడ కొనేవాడు అరువు తెచ్చుకునేది వడ్డీ రేటును కాదు, అమ్మేవాడి జీతం స్లిప్‌ను.

ఇప్పుడు జూన్‌కు వెనక్కి వెళ్దాం, ఫోన్ రాకముందు.

2025లో రిజర్వ్ బ్యాంకు రెపో రేటును ఫిబ్రవరిలో పావు శాతం, ఏప్రిల్‌లో పావు శాతం తగ్గించింది. జూన్ 6న ఒక్కసారే అర శాతం కోసి 5.50కి తెచ్చింది. ఆ శనివారం సిద్దిపేట వచ్చినప్పుడు చిన్నాయన లోన్ రేటు ఎంతో చూద్దామనుకున్నా. చూడాలంటే సార్ లాగిన్ కావాలి. సార్‌కు ఫోన్ చేసి, ఓటీపీ చెప్పించుకుని లోపలికి వెళ్తే 9.65 శాతం అని ఉంది. నాకు మతి పోయింది. మా ఆఫీసులో వాళ్లు అప్పటికే ఎనిమిది దగ్గర కడుతున్నారు.

కారణం సింపుల్. 2014 లోన్ పాత 'బేస్ రేట్' పద్ధతిలోది. 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు ఇచ్చే కొత్త ఫ్లోటింగ్ హోమ్ లోన్లు రెపో లాంటి బయటి రేటుకు కట్టి ఉంటాయి. రెపో తగ్గితే అవి మూడు నెలల్లోపు కదలాలి. పాతవాళ్లు కూడా చిన్న ఫీజు కట్టి కొత్త పద్ధతికి మారొచ్చు, కానీ అడగాలి. అడగాల్సింది ఎవరు? లోన్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లు. సార్ జేబులోంచి పోయేది ఏమీ లేదు కదా, ఆయన ఎందుకు అడుగుతాడు?

సరే, బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ చేయిద్దామని చిన్నాయనను ఇంకో బ్యాంకుకు తీసుకుపోయా. లెక్క కూడా వేసుకున్నా. మిగిలిన అసలు పదమూడున్నర లక్షలు. అదే ఈఎంఐతో 8.1 శాతానికి మారితే దాదాపు ఎనిమిది నెలలు ముందే లోన్ తీరుతుంది. లక్షన్నర మిగులు. ఎక్సెల్ షీట్ చూపిస్తే మేనేజర్ మేడమ్ మెచ్చుకుంది కూడా.

"అప్లికెంట్ ఎవరండీ?"

"మా చిన్నాయన."

"లోన్ ఎవరి పేరు మీదుంది?"

చెప్పాం.

"ఇల్లు ఎవరి పేరు మీదుంది?"

చెప్పాం. ఆమె పెన్ను కింద పెట్టింది.

"బాబూ, ట్రాన్స్‌ఫర్ అంటే ఉన్న లోన్ ఉన్న మనిషి పేరు మీదనే ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు పోవడం. మనిషి మారితే అది ట్రాన్స్‌ఫర్ కాదు, కొత్తగా ఇల్లు కొనడం. మీ చిన్నాయన ఇంకా ఇల్లు కొనలేదు."

ఎనిమిదేళ్ల తర్వాత ఆ మాట విని చిన్నాయన నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

బయటికొచ్చి బండి మీద కూర్చుని ఈ బేరాన్ని మొదటిసారి ఒక సిస్టమ్‌లా చూశా. వేరేవాళ్ల అడ్మిన్ లాగిన్‌తో ఎనిమిదేళ్లు ప్రొడక్షన్ నడిపిస్తున్నాం. నడుస్తోంది కాబట్టి ఎవరూ ముట్టుకోలేదు.

చట్టం దగ్గర మొదలుపెడదాం. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 54 ప్రకారం అగ్రిమెంటు ఒక్కటే ఆస్తిలో ఏ హక్కునూ పుట్టించదు. 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు ఇంకా సూటిగా చెప్పింది: జీపీఏ, అగ్రిమెంటు, వీలునామా కాగితాలతో స్థిరాస్తి చేతులు మారదు, రిజిస్టర్ అయిన సేల్ డీడ్‌తోనే మారుతుంది. ఆ తీర్పు వచ్చింది కూడా అక్టోబరు 11నే. మన జిల్లా పుట్టినరోజుకు సరిగ్గా ఐదేళ్ల ముందు. మా వాళ్లు జిల్లాను చూసి బేరం చేశారు, తీర్పును చూడలేదు.

ఇక జీపీఏ. ఇచ్చిన మనిషి చనిపోతే మామూలుగా అది ఆ రోజుతో ఆగిపోతుంది. తీసుకున్నవాడికి ఆ ఆస్తిలో సొంత ప్రయోజనం ఉంటే కాంట్రాక్టు చట్టంలో మినహాయింపు ఉంది. కానీ దాన్ని వారసుల మీద కోర్టులో నిరూపించుకోవాలి, అదీ వంద రూపాయల కాగితంతో. చిన్నాయన ఆదివారం ఆరింటికి ఎందుకు లేచాడో ఇప్పుడు అర్థమైంది కదా.

ఇవి పెద్ద ప్రమాదాలు. చిన్నవి ఇంకా మంట పుట్టిస్తాయి. 96 ఈఎంఐలు ఒక్కటి తప్పకుండా కట్టింది చిన్నాయన, సిబిల్ స్కోరు పెరిగింది సార్‌ది. చిన్నాయన స్కోరు తీస్తే హిస్టరీనే లేదని వచ్చింది. మొత్తం కట్టింది 18 లక్షల 85 వేలు. అందులో అసలుకు పోయింది 5 లక్షల 40 వేలు, మిగతా అంతా వడ్డీ. ఆ వడ్డీ సర్టిఫికెట్ ఏటా సార్ పేరు మీదే వచ్చింది. దాన్ని ఆయన ట్యాక్స్‌లో చూపించుకున్నాడో లేదో నేను అడగలేదు. 2020 లాక్‌డౌన్‌లో షాపు మూసినప్పుడు రిజర్వ్ బ్యాంకు మారటోరియం ఇచ్చింది గుర్తుందా? ఆగస్టు దాకా ఈఎంఐ ఆపుకోవచ్చు అన్నారు. దానికి కూడా బారోయరే అడగాలి. చిన్నాయన మొహమాటపడి సార్‌కు ఫోన్ చేయలేదు. చిట్టీ ఎత్తి, కసరు పోగొట్టుకుని ఈఎంఐలు కట్టాడు.

అన్నిటికంటే విచిత్రం లోన్ ఇన్సూరెన్స్. పాలసీ సార్ ప్రాణం మీద ఉంది. చిన్నాయనకు ఏమన్నా అయితే లోన్ అట్లాగే ఉంటుంది. సార్‌కు ఏమన్నా అయితే లోన్ మొత్తం తీరిపోతుంది, అప్పులేని ఇల్లు సార్ వారసులకు పోతుంది. చిన్నాయన కట్టిన కిస్తీలతో.

ఇంకో ప్రశ్న నన్ను రెండు రోజులు తిన్నది. సార్ ఇదే ఇంటి మీద టాపప్ తీసుకుని ఉంటే? ఈసీ తీశాం. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది. పాత తనఖా ఒక్కటే ఉంది. సెర్సాయ్ అని తనఖాల సెంట్రల్ రిజిస్ట్రీ 2011 నుంచి ఉంది, చిన్న ఫీజు కట్టి ఎవరైనా వెతకొచ్చు. అక్కడా అంతే. కొన్న ఎనిమిదేళ్లకు ఈసీ తీస్తున్నామని చిన్నమ్మకు చెప్పలేదు.

జులై ఫోన్ తర్వాత నాలుగో రోజు కరీంనగర్ పోయాం. పళ్లు పట్టుకుని. స్టెంట్ వేసి వారం కాని మనిషి దగ్గరికి పోయి రిజిస్ట్రేషన్ మాట ఎట్లా ఎత్తాలో దారంతా రిహార్సల్ చేశాం. సార్ మంచం మీద కూర్చుని ఉన్నాడు, చిక్కిపోయాడు. చిన్నాయన యోగక్షేమాలు అడిగి, బత్తాయిలు పక్కన పెట్టి, ఇక మాట రాక ఫ్యాన్ వైపు చూస్తున్నాడు.

సారే అన్నాడు: "నేను పోతే నీ ఇల్లు ఏమైతదో అని వచ్చినవ్ కదా. ఐసీయూల నాకూ అదే యాదికొచ్చింది."

ఇక్కడితో కథ అయిపోతుందనుకుంటే మీరు ఫోన్‌లో సీరియళ్లు చూడడం లేదన్నమాట. సార్ కొడుకు డల్లాస్‌లో ఉంటాడు, వీడియో కాల్‌లోకి వచ్చాడు. మర్యాదగానే అడిగాడు: "అంకుల్, ఇప్పుడు అక్కడ రేట్ ఎంత నడుస్తుంది?" చిన్నాయన నిజం చెప్పాడు. అడిగినవాళ్లకు అబద్ధం చెప్పడం ఆయనకు రాదు. 2023 అక్టోబరులో సికింద్రాబాద్ రైలు మొదలయ్యాక రేట్లు ఇంకా పెరిగాయి, 32కు రెట్టింపు దాటింది. కొడుకు కాసేపు మాట్లాడలేదు. "నాన్నా, మనం లాయర్‌తో ఒకసారి..." అన్నాడు.

ఆ అబ్బాయిని విలన్ చేయను. ముప్పై లక్షల తేడా ఎదురుగా కనిపిస్తుంటే నేనైనా లాయర్ అనే మాట అంటానేమో. కోర్టులో మాకు ఎంత బలం ఉందో కూడా తెలుసు. ఒప్పందం అమలు చేయించమని దావా వేయడానికి మూడేళ్ల గడువు ఉంటుంది, అది ఏ రోజు నుంచి లెక్క అన్నదే పెద్ద తగాదా. సార్ మాత్రం ఫోన్ చిన్నాయన వైపు తిప్పి అన్నాడు: "ఈయన ఎనిమిదేండ్లు నాకు ఒక్క నోటీస్ రానియ్యలే. నువ్వు ఇండియాకు వచ్చినప్పుడు బ్యాంకోళ్లు మన ఇంటికొచ్చిండ్రా?" అంతే. ఆయన ఒక్క షరతు పెట్టాడు, క్యాపిటల్ గెయిన్స్ ట్యాక్స్ ఏమన్నా పడితే చిన్నాయన కట్టాలి. న్యాయమే. సీఏ లెక్క చేస్తే, 2024 జులై 23కు ముందు కొన్న ఆస్తి కాబట్టి ద్రవ్యోల్బణం లెక్క వాడుకోవచ్చు, 27 లక్షల కొన్న ధర ఆ లెక్కలో 42 దాటుతుంది. 32కు అమ్మితే ట్యాక్స్ సున్నా. మా కాలనీలో సర్కారు విలువ కూడా 32 లోపే ఉంది కాబట్టి ఆ చిక్కూ తప్పింది. అది ఎక్కువ ఉంటే ట్యాక్స్ ఆ ఎక్కువ విలువ మీద లెక్కేసే ప్రమాదం ఇద్దరికీ ఉంటుంది.

మళ్లీ మేడమ్ దగ్గరికి. ఇప్పుడు ఇది 'కొనుగోలు లోన్, పాత బ్యాంకు టేకోవర్‌తో'. సార్ తన బ్యాంకు నుంచి రెండు కాగితాలు తీసుకోవాలి: ఎంత కడితే లోన్ మూసేస్తారో చెప్పే ఫోర్‌క్లోజర్ లెటర్, వాళ్ల దగ్గర ఏ ఒరిజినల్స్ ఉన్నాయో చెప్పే లిస్టు. ఫ్లోటింగ్ హోమ్ లోన్ ముందే మూసేస్తే పెనాల్టీ వేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2012లోనే చెప్పింది. ఎవరన్నా "రెండు శాతం చార్జ్" అంటే రాతపూర్వకంగా అడగండి, గొంతు తగ్గుతుంది.

చిన్నాయన ఆదాయం కోసం నాలుగేళ్లుగా నేను పోరుపెట్టి వేయించిన ఐటీ రిటర్నులు పనికొచ్చాయి. స్కోరు లేని సమస్యకు మా చెల్లె అక్కరకొచ్చింది. స్టాఫ్ నర్సు, జీతం స్లిప్ ఉంది. ఆమె కో అప్లికెంట్ అయింది. మేడమ్ సలహాతో ఇంటి కాగితంలో కూడా తండ్రీ కూతుళ్ల ఇద్దరి పేర్లూ పెట్టాం. చిన్నమ్మ తన పేరు ఎందుకు లేదని అడిగింది. ఎవరి దగ్గరా జవాబు లేదు.

పైసలు కట్టిన రుజువు అడిగితే చిన్నాయన బిస్కెట్ డబ్బా తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. 2017 నుంచి 2021 దాకా సార్ ఖాతాలో క్యాష్ కట్టిన కౌంటర్‌ఫాయిల్స్, రబ్బర్ బ్యాండు వేసి, ఏడాదికో కట్ట. ఆ తర్వాతివి ఫోన్‌పేలో ఉన్నాయి. కొత్త అగ్రిమెంట్‌లో లెక్క ఉన్నదున్నట్టు రాశాం: చెక్కుతో 13.10, కిస్తీల్లో అసలు కింద 5.40, ఇప్పుడు బ్యాంకు కట్టేది 13.50. మొత్తం 32.

రిజిస్ట్రేషన్ ఖర్చు దగ్గర మాత్రం నేను కాసేపు ఆగిపోయా. మన రాష్ట్రంలో 2021 జులై నుంచి అన్నీ కలిపి ఏడున్నర శాతం. 32 లక్షల మీద 2 లక్షల 40 వేలు. జూన్‌లో నా ఎక్సెల్ చూపించిన మిగులు లక్షన్నర. ప్రాసెసింగ్ ఫీజు, లీగల్, వాల్యుయేషన్ కలపక ముందే లెక్క మైనస్‌లోకి పోయింది. రీఫైనాన్స్‌గా చూస్తే ఇది చెత్త నిర్ణయం. షీట్‌లో 'ఇల్లు మనదవుతుంది' అనే కాలమ్‌కు ఏ నంబర్ వేయాలో తెలియక దాన్ని మూసేశా.

ఇక ఎవరూ ముందుగా చెప్పని భాగం. కొత్త బ్యాంకు పైసలు ఇవ్వాలంటే ఒరిజినల్స్ కావాలి. పాత బ్యాంకు ఒరిజినల్స్ ఇవ్వాలంటే పైసలు కావాలి. ముడి విప్పే పద్ధతి ఇది: కొత్త బ్యాంకు నేరుగా పాత బ్యాంకు పేరు మీద డీడీ ఇస్తుంది, సార్ "కాగితాలు కొత్త బ్యాంకుకే ఇవ్వండి" అని రాసిస్తాడు. డీడీ పోయిన రోజు నుంచి సేల్ డీడ్ అయ్యే రోజు దాకా మాకు పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజులు లోన్ చిన్నాయనది, ఇల్లు సార్‌ది, ఇంటి మీద అప్పు సున్నా. సార్ రోజూ మాత్రలు వేసుకుంటున్నాడో లేదో చిన్నాయన ఫోన్ చేసి కనుక్కునేవాడు. సార్ భార్య నవ్వి "నా కన్నా నువ్వే ఎక్కువ చూస్తున్నవ్ తమ్మీ" అన్నదట.

ఆలస్యమైతే మాకు ఒక అస్త్రం ఉంది. లోన్ పూర్తిగా తీరిన 30 రోజుల్లో ఆస్తి కాగితాలు ఇవ్వకపోతే, తప్పు తమదైతే, బ్యాంకు రోజుకు 5,000 రూపాయలు బారోయర్‌కు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2023 సెప్టెంబరులో రూల్ పెట్టింది. ఆ ఏడాది డిసెంబరు 1 నుంచి అమలులో ఉంది. ఆ ఉత్తర్వు ఫోన్‌లో సేవ్ చేసుకున్నా, వాడాల్సిన పని రాలేదు. పదో రోజున కాగితాలు వచ్చాయి.

నవంబరులో సార్ సిద్దిపేట వచ్చి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వేలిముద్ర వేశాడు. ఆయన బొటనవేలు మెషీన్ మూడు సార్లు తీసుకోలేదు. చిన్నాయన వేలు అసలే తీసుకోలేదు, ముప్పై ఏళ్ల వెల్డింగ్‌తో గీతలు అరిగిపోయాయి. చివరికి చూపుడు వేలితో పడింది. అందరం కలిసి అన్నం తిన్నాం. సార్‌కు ఉప్పు తక్కువ వేసి చిన్నమ్మ విడిగా వండింది. కొడుకు వీడియో కాల్ చేసి ఇల్లంతా చూపించమన్నాడు. జామచెట్టు దగ్గర ఆగి, ఇది అప్పుడు లేదు కదా అన్నాడు.

డిసెంబరు 5న రెపో ఇంకో పావు శాతం తగ్గింది, 5.25కు. ఈసారి రేటు తగ్గింపు గురించి బ్యాంకు మెసేజ్ నేరుగా చిన్నాయన ఫోన్‌కే వచ్చింది. ఇంగ్లీషులో ఉంది కాబట్టి నాకు ఫార్వర్డ్ చేశాడు. చదివి చెప్పా. సంతోషపడి, ఇంకో ఫొటో పంపాడు. ఇంటి కరెంటు బిల్లు.

"ఇది ఎవరి పేరు మీదున్నది, సూడు బిడ్డా."

చూశా. చిన్నాయన పేరు కాదు. సార్ పేరు కూడా కాదు. 2014లో సార్‌కు అమ్మినాయన పేరు.